పిండి లేని చిక్కటి షేర్వా: నాయిన కోసం ఐదు వారాల డైరీ

మాది మిర్యాలగూడ. ఊరి చుట్టూ రైస్ మిల్లులే, సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు ఇక్కడికే వస్తయి. మా నాయిన ముప్పై ఏండ్లు మిల్లుల గుమస్తాగ చేసిండు, బియ్యం గింజ పంటి కింద పెట్టి కొరికిండంటే పాతదో కొత్తదో చెప్పేస్తడు. గసుంటి మనిషికి షుగర్ వచ్చి ఆరేండ్లయింది, మొన్న మూడు నెలల సగటు టెస్ట్ చేయిస్తే 9.1 వచ్చింది, డాక్టర్ ఇగ అన్నం తగ్గియ్యాల్సిందే అన్నడు.

నాలుగు గంటెల అన్నం కాడికెళ్లి ఒక గంటెకు వచ్చినం. కడుపు నిండాలె కదా అని కూర డబుల్ పెట్టుడు షురూ చేసినం. రెండు వారాలు గట్ల నడిచినంక పరగడుపున చూసేది కొంచెం దిగింది గని తిన్న రెండు గంటలకు చూసేది మాత్రం 210, 220 కాడనే ఆగింది. నాకు సమజ్ కాలె. ఒకనాడు అమ్మ కూర చేస్తుంటే పక్కన నిలవడి చూసిన, చికెన్ ఉడికింది, షేర్వా పల్చగ ఉన్నదని పుట్నాల పొడి డబ్బా తీసి రెండు పెద్ద చెంచాలు ఏసింది, అయినా చిక్కవడలేదని బియ్యప్పిండి నీళ్లల కలిపి పోసింది. అప్పుడు అర్థమైంది. పల్లెంల అన్నం తీసేసినం, అదే బియ్యం పిండి రూపంల కూరలకు వస్తున్నది, పైగా ఆ కూరనే డబుల్ తింటున్నడు.

అమ్మ తప్పేం లేదు. ఆమె చేతికి నలభై ఏండ్ల అలవాటది, పల్చటి షేర్వా పెడితే చుట్టాలు ఏమనుకుంటరో అని భయపడే ఇండ్లల్ల పెరిగింది. నాయిన కూడ పల్చటిది ముట్టడు. ముక్క తిన్నంక పల్లెంల మిగిలిన షేర్వాను చూపుడు వేలితోటి ఒక పక్కకు తీసి నాకుతడు, ఆయనకు భోజనం అయిపోయిందనే గుర్తు అది. పిండి ఆపేసిన మొదటి రోజు వేలు పెట్టి చూసిండు, నీళ్ల లెక్క జారిపోయింది, ఏం అనకుండ లేచి చేయి కడుక్కున్నడు. ఆ రోజే అనుకున్న, ఇది ఎట్లన్న చేసి తీరాలె అని. ఒక నోట్‌బుక్ పెట్టుకున్న. ఇది అందులోదే, కొంచెం సాఫ్ చేసి రాస్తున్న.

పెట్టుకున్న రూల్స్

ధాన్యం ఏదీ వద్దు, అంటే బియ్యప్పిండి, జొన్నపిండి, గోధుమపిండి, మైదా, కార్న్‌ఫ్లోర్ అన్నీ బంద్. పుట్నాలు, శనగపిండి పప్పుదినుసులే గని వాటిల కూడ సగానికి పైన పిండిపదార్థమే, కాబట్టి అవీ బంద్. 100 గ్రాముల బియ్యప్పిండిల దగ్గరదగ్గర 80 గ్రాములు పిండిపదార్థం, కార్న్‌ఫ్లోర్ల 90, అదే పల్లీలల్ల 16, అందుల కూడ సగం పీచే. నువ్వులల్ల 23 ఉంటది గని సగం పీచు. కుడుకల 24, మూడింట్ల రెండు వంతులు పీచు. హోటళ్లల్ల ఏసే జీడిపప్పు మాత్రం మంచిదనుకుంటం గని అందుల 30 ఉంటది, పీచు 3 గ్రాములే, గందుకే దాన్ని పక్కన పెట్టిన.

చిక్కదనం చూసేదానికి ఒకటే పరీక్ష: గంటె షేర్వాల ముంచి తీసి, వెనక దిక్కు వేలితోటి గీత గీస్తే ఆ గీత పది లెక్కపెట్టేదాక కలిసిపోవద్దు. ఆ తర్వాత నాయిన వేలు పరీక్ష.

మొదటి ఐతారం

ఏమీ కలపకుండ ఉత్తగ మరిగించి దగ్గరికి తెద్దాం అనుకున్న. అర కిలో చికెన్, షేర్వా సగమయ్యేదాక మరిగిస్తే చిక్కగ కాలె, ఉప్పు కారం మాత్రం డబుల్ అయినయి, ముక్క పీచు పీచు అయింది. ఉల్లిగడ్డలు ఎక్కువేసి గుజ్జు చేస్తే అని సాయంత్రం ఇంకోసారి చేసిన, అర కిలో ఉల్లిగడ్డ బాగ ఎర్రగ ఏంచి మిక్సీ పట్టిన, చిక్కదనం మంచిగనే వచ్చింది గని లెక్క చూస్తే అర కిలో ఉల్లిగడ్డల 45 గ్రాములు పిండిపదార్థం, కూర తియ్యగ కూడ అయింది. ఉల్లిగడ్డ రెండు మీడియం సైజువి చాలు అని ఆ రోజే రాసుకున్న.

బుధారం, పల్లీలు

పల్లీలు ఏంచి పొట్టు తీసి పొడి కొట్టి ఉడుకుతున్న షేర్వాల ఏసిన. ఐదు నిమిషాలు సూపర్ ఉన్నది, రంగు కూడ మారింది, ఇగ అయిపోయింది అనుకుని మూత పెట్టి పెద్ద మంట మీద వదిలేసి ఫోన్ మాట్లాడుకుంట బయటికి పోయిన. వచ్చి మూత తీస్తే పైన వేలు మందం నూనె, కింద ఇసుక లెక్క పల్లి పొడి, నడుమ నీళ్లు. గంటెతోటి కలిపితే కలిసినట్టే కలిసి మళ్లీ విడిపోతది. అడుగు కూడ పట్టింది, ఆ మాడు వాసన కూర మొత్తానికి ఎక్కింది.

ఎందుకు అట్ల అయిందో తర్వాత తెలుసుకున్న. బియ్యప్పిండిల ఉండే సన్న సన్న రేణువులు 70 డిగ్రీల వేడికి నీళ్లు తాగి ఉబ్బుతయి, అవి నీళ్లను పట్టుకుని ఉంటయి కాబట్టి షేర్వా మొత్తం ఒకటే తీరు చిక్కవడతది. పల్లి అట్ల కాదు, దాంట్ల సగం నూనె, పావు వంతు ప్రొటీన్, అది నీళ్లను తాగి పట్టుకోదు, మెత్తగ నూరితే నీళ్లల్ల సన్నగ తేలుకుంట ఉంటది అంతే. గరుకుగ ఉంటే కిందికి దిగుతది, పెద్ద మంట మీద మరిగితే నూనె ఇడిచిపెడతది. పొడి కొట్టుడు నేను చేసిన మొదటి తప్పు, ముందుగాల ఏసుడు రెండోది, మూత పెట్టి పోవుడు మూడోది. గా కూర మేమే తిన్నం, నాయినకు గుడ్డు అట్టు ఏసి పెట్టిన.

శనారం, అత్తమ్మ ఫోన్

మా అత్తగారిది వనపర్తి. పాలమూరు దిక్కు యాసంగిల పల్లి ఏస్తరు గదా, వాళ్లింట్ల ఏ కూరల చూసినా పల్లీనో నువ్వులో ఉంటది. మా ఆమె ఫోన్ స్పీకర్ల పెట్టి సంగతి చెప్పింది. అత్తమ్మ నాతోటి నేరుగ మాట్లాడదు, బిడ్డతోటే, "అల్లునికి చెప్పు బిడ్డా, పల్లి ఒక్కటే ఏస్తె ఎట్ల నిలుస్తది, మూడు గలవాలె. బగార వంకాయ చేస్తం గదనే, పల్లి, నువ్వులు, కుడుక, దాంట్ల పిండి ఏమన్న పోస్తమా?" అన్నది.

నిజమే కదా. బగార వంకాయ, మిర్చి కా సాలన్, ఈ రెండింట్ల బియ్యప్పిండి లేదు, శనగపిండి లేదు, అయినా గంటెకు పట్టుకునేంత చిక్కగ ఉంటయి. పెండ్లిళ్లల్ల చిన్నప్పటి సంది తింటనే ఉన్న, నేను ఇంటర్నెట్ల దేశదేశాల పొడులు చూస్తుంటే సంగతి మా వంటింట్లనే ఉన్నది. అత్తమ్మ చెప్పిన కొలత: పల్లీలు మూడు చెంచాలు, నువ్వులు రెండు, కుడుక తురుము రెండు. ఏది దానికదే విడిగ ఏంచాలె, పల్లీలు ముందు, సన్న మంట మీద మచ్చలు పడేదాక, తర్వాత నువ్వులు చిటపట అనేదాక, కుడుక చివరికి, అది గంజు వేడికే రంగు మారతది కాబట్టి పొయ్యి బంద్ చేసినంక ఏసినా సరిపోతది. మూడూ కలిపి ఏంచితే పల్లి పచ్చిగ ఉండంగనే నువ్వులు మాడతయి, మాడిన నువ్వు చేదు, ఇగ దాన్ని ఏ మసాలా దాచలేదు. పల్లీలల్ల నల్లగ అయినయి, ముడుచుకున్నయి, బూజు వాసన వచ్చేవి ఉంటే ఏరి పారెయ్యాలె, బూజు పట్టిన పల్లి లివర్‌కు మంచిది కాదు, ఏంచినా దాని విషం పూర్తిగ పోదు.

చల్లారినంక పొడి కొట్టకుండ కొంచెం కొంచెం నీళ్లు పోసుకుంట మెత్తగ నూరిన. మిక్సీ జార్ నాలుగు సార్లు ఆపి గోడలకు అంటింది గీకి మళ్లీ తిప్పిన, ముద్దను రెండు వేళ్ల నడుమ రాస్తే వెన్న లెక్క జారాలె, ఒక్క రవ్వ తగిలినా ఇంకా నూరాలె. కూర ఉడికినంక మంట చిన్నగ చేసి, ఒక గంటె వేడి షేర్వా ముద్దల కలిపి, పల్చగ చేసి, అప్పుడు గంజుల పోసిన. మూత లేదు. ఎనిమిది నిమిషాలు, నడుమ నడుమ కలుపుకుంట. అంచు పొంటి సన్నగ నూనె తేలింది, ఇరగలె, అది సాలన్‌కు ఉండాల్సిన నూనెనే.

గంటె పరీక్షల గీత ఆరు దాక నిలిచింది. నాయిన రెండు ముక్కలు తిన్నంక "పల్లి వాసన కొంచెం ఎక్కువైంది కొడుకా, చికెన్ తింటున్నట్టు లేదు, వంకాయ తింటున్నట్టున్నది" అన్నడు. కరెక్టే. వంకాయకు బాగుండేది చికెన్‌కు ఎక్కువైతది. రుచి తగ్గాలె, చిక్కదనం మాత్రం ఉండాలె. అసలు పని ఇక్కడ మొదలైంది.

మూడో వారం, ఆగిన రోజు

ఈ ఎంట్రీ కూర గురించి కాదు, అయినా రాయాల్సిందే. మంగళారం పదకొండున్నరకు నాయినకు ఒక్కసారిగ చెమటలు పట్టినయి, చేతులు వణుకుతున్నయి, మాట తడవడుతున్నది. చూస్తే 64. డెబ్బైకి కిందికి పోతే డేంజర్ అని తెలుసు కాబట్టి మూడు టీ చెంచాల చక్కెర నీళ్లల కలిపి తాపిన, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 88, అప్పుడు ఇంత అన్నం పెట్టినం. సంగతి ఏందంటే ఆయన ఏసుకునే మందుల గ్లిమెపిరైడ్ ఉన్నది, అది ఒంట్ల ఇన్సులిన్ ఊరేటట్టు చేస్తది, మనం ఎంత తిన్నమో దానికి తెల్వదు. మేము అన్నం తగ్గించినం, కూరల పిండి తీసేసినం, మందు మాత్రం పాత లెక్కనే ఏసినం. డాక్టర్ కాడికి పోతే డోస్ సగం చేసిండు, తిండి మార్చే ముందు ఒక్క మాట అడగాలె కదా అన్నడు. అడగాల్సింది, అడగలే. ఇంట్ల షుగర్ మందులు ఏసుకునేటోళ్లు ఉంటే, ఇన్సులిన్ తీసుకునేటోళ్లు ఉంటే, కూర మార్చకముందే డాక్టర్‌ను అడుగుండ్రి, ఇది నేను అమ్మ మొఖం చూడలేకపోయిన రోజు.

నాలుగు రోజులు ఏం ప్రయోగం చెయ్యలే.

బేస్తారం, గోకరకాయ జిగురు

ప్యాకెట్ల మీద గ్వార్ గమ్ అని ఉంటది చూడుండ్రి, ఐస్‌క్రీంల, సాస్‌లల్ల. అది ఏందో అనుకున్న, తీరా చూస్తే మన గోకరకాయ గింజ. గింజ పొట్టు, మొలక తీసేసినంక లోపట మిగిలిన తెల్లటి పలుకును పొడి చేస్తరు. రాజస్థాన్ల మస్తు పండిస్తరు, ప్రపంచంల ఎక్కువ శాతం మన దేశంకెళ్లే పోతది, అమెరికాల చమురు బావులల్ల కూడ వాడుతరని 2012 ల దీని ధర ఆకాశానికి పోయింది. ధాన్యం కాదు, దాదాపు అంతా పీచే, చల్లటి నీళ్లల్ల కూడ చిక్కవడతది. చిన్న ప్యాకెట్ తెప్పిచ్చిన.

మొదటిసారి ఒక చెంచా నేరుగ మరిగే కూరల చల్లిన. పడ్డ కాడ పడ్డట్టే పైన జిగురు కట్టి లోపట పొడి పొడిగ ఉండిపోయింది, చేప కండ్ల లెక్క తెల్లటి ఉండలు, గంటెతోటి నలిపితే జారిపోతున్నయి, జల్లెడ పట్టి తీసిన. ఉండలు పోయినంక మిగిలిన షేర్వా కూడ బెండకాయ జిగురు లెక్క తీగ సాగింది. అమ్మ అయితే దాన్ని చూసి పక్కకు తిరిగింది.

రెండోసారి పావు టీ చెంచా మాత్రమే, ముందుగాల ఒక చెంచా నూనెల కలిపిన. నూనెల అది జిగురు కాదు, గింజలు గింజలు విడిపోయి ఉంటది, అట్ల విడిపోయిన దాన్ని షేర్వాల పోసి జల్ది జల్ది కలిపితే ఒక్క ఉండ కట్టలే. అర లీటర్ షేర్వాకు పావు టీ చెంచా చాలు, మహా అంటే అర టీ చెంచా, అది దాటితే తీగలే. చింతపండు ఏసిన కూరల చాలాసేపు మరిగిస్తే దీని పట్టు తగ్గుతది, అందుకే దించే ముందు రెండు నిమిషాలకు ఏసుకోవాలె. ఒక్కటే ఏస్తే చిక్కదనం ఉంటది గని నోట్ల ఏం ఉండదు, ఉత్త జిగురు నీళ్లు తాగినట్టు. పల్లి ముద్దకు తోడుగ ఏస్తే మాత్రం నూనెను నీళ్లను విడిపోకుండ పట్టుకుంటది. బుధారం నాడు ఇరిగిపోయిన కూరకు మందు ఇదే.

అవిశ గింజల పొడి కూడ చూసిన, జిగురు వస్తది గని చేప నూనె తీరు వాసన, నాయిన వద్దన్నడు, అక్కడికే వదిలేసిన.

నాలుగో ఐతారం, సోరకాయ

పల్లి తగ్గాలె, చిక్కదనం తగ్గొద్దు. పల్లి ఖాళీని ఏదన్న రుచి లేని దానితోటి నింపాలె అని ఆలోచించుకుంట మార్కెట్‌కు పోతే సోరకాయ కండ్ల వడ్డది. దాల్చాల ఏస్తం కదా, ఉడికినంక అసలు కనవడదు, షేర్వాల కలిసిపోతది. 100 గ్రాములల్ల మూడున్నర గ్రాముల పిండిపదార్థం, మిగతా అంతా నీళ్లే.

లేతది తెచ్చి, కోసినంక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసిన. ఇది తప్పకుండ చెయ్యాలె, చేదు తగిలితే మొత్తం కాయ పారెయ్యాలె, చేదు సోరకాయ తిని ఆస్పత్రిల పడ్డోళ్లు ఉన్నరు. 200 గ్రాముల ముక్కలు గింజలు తీసి కుక్కర్ల రెండు విజిల్లు పెట్టి, నీళ్లు వంపేసి, ముద్ద చేసి, ఆ ముద్దను మళ్లీ నూనెల ఉల్లిగడ్డ తోటి కలిపి పచ్చి వాసన పోయేదాక ఏంచిన. ఈ ఏంచుడే ముఖ్యం, నీళ్లు ఇగిరి గిన్నెను వదిలిపెట్టాలె, లేకపోతే షేర్వా చిక్కవడే బదులు ఇంకా పల్చవడతది.

ఆ రోజు కొలత, అర కిలో చికెన్‌కు, నలుగురికి: ఉల్లిగడ్డ రెండు, అల్లమెల్లిగడ్డ చెంచన్నర, సోరకాయ ముద్ద 200 గ్రాములది, పల్లీలు ఒకటిన్నర చెంచా, నువ్వులు ఒకటి, కుడుక రెండు, గ్వార్ గమ్ పావు టీ చెంచా నూనెల కలిపి. కారం, పసుపు, ధనియాల పొడి, గరం మసాలా మామూలే. చింతపండు లేదు, పులుపుకు ఒక టమాట. చింతపండు గురించి ఒక మాట, అది పుల్లగ ఉంటది కాబట్టి షుగరోళ్లకు మంచిదే అనుకుంటం, 100 గ్రాముల చింతపండుల 60 గ్రాములకు పైనే పిండిపదార్థం, అందుల ఎక్కువ చక్కెరే. నిమ్మకాయంత ఏస్తే నలుగురికి పంచుకుంటం కాబట్టి ఫర్వాలేదు గని లెక్కలకెళ్లి తీసెయ్యొద్దు.

గంటె వెనక గీత గీసిన. పది లెక్కపెట్టిన, పన్నెండు లెక్కపెట్టిన, గీత అట్లనే ఉన్నది. అమ్మను పిలిచి చూపెట్టిన. ఆమె గంటె తీసుకుని తనే ఇంకో గీత గీసింది, వేలు నోట్ల పెట్టుకుని, "పుట్నాలు ఏసినవారా?" అన్నది. ఏయలే అమ్మా అంటే నమ్మలే, డబ్బా తీసి చూసింది, మొన్న ఎంతున్నదో అంతే ఉన్నది.

నాయిన తిన్నడు. ముక్కలు అయిపోయినయి. వేలు పల్లెంల పెట్టి షేర్వాను ఒక పక్కకు తీసిండు, అది జారలే, వేలు పోయిన దారి పల్లెంల తెల్లగ కనవడ్డది. నాకిండు. "ఇంకింత పొయ్యి" అన్నడు.

రెండు గంటలకు చూస్తే 168. ఇదంతా షేర్వా మహిమే అని నేను అంటలేను, అన్నం ఒక్క గంటెనే, పొద్దుగాల నడుస్తున్నడు, మందు కూడ మారింది. గని పాత కూర, అదే ఒక్క గంటె అన్నం తోటి 210 చూసిన రోజులు నోట్‌బుక్ల ఉన్నయి, ఆ తర్వాత ఈ షేర్వాతోటి నాలుగు సార్లు చూసిన, 159, 171, 166, 174.

ఐదో వారం, పాయ

మేక కాళ్లు తెచ్చి రాత్రంతా సన్న మంట మీద ఉడకపెట్టినం. ఎముకల్ల కీళ్లల్ల ఉండే జిగురు నీళ్లల దిగి, ఫ్రిజ్జుల పెడితే మర్నాడు పొద్దుగాలకు జెల్లీ లెక్క గడ్డకట్టింది. దాంట్ల పిండిపదార్థం దాదాపు సున్నా. చిక్కదనానికి ఇది ఒక్కటే చాలు అనుకున్న గని వేడి చేయంగనే కరిగి పల్చటి నీళ్లయింది, పెదాలకు మాత్రం అంటుకుంటది. అంటే చల్లగ ఉంటేనే దాని పట్టు. ఇప్పుడు ఐస్ ట్రేల పోసి గడ్డలు చేసి పెట్టిన, చికెన్ కూరల రెండు గడ్డలు ఏస్తే నీళ్లకు బదులు అయితది, రుచి బరువు వస్తది, అప్పుడు పల్లి ఇంకో అర చెంచా తగ్గించినా తెలుస్తలేదు.

ఇప్పుడు నడుస్తున్నది

సోరకాయ ముద్ద, నూరిన పల్లి నువ్వుల ముద్ద విడివిడి డబ్బాలల్ల ఫ్రిజ్జుల పెడుతున్న. పల్లి ముద్ద మూడు రోజులు ఆగుతది, ఆ తర్వాత పులుపు వాసన, సోరకాయది రెండు రోజులే. అమ్మ ఇప్పుడు తనే చేస్తున్నది, గ్వార్ గమ్‌ను మాత్రం ముట్టదు, అది ఏసేటప్పుడు నన్ను పిలుస్తది.

చేపల పులుసు ఇంకా కుదురలే. వాడపల్లి దిక్కు నుంచి కృష్ణల చేపలు వస్తే నాయిన ఆగడు, దాంట్ల పల్లి ఏస్తే నీసు వాసన ఇంకా పెరిగింది, సోరకాయ ముద్దకు చింతపులుపు పడలే, చప్పగ అయింది. నువ్వులు ఒక్కటే, ఏంచకుండ పచ్చివే నానబెట్టి నూరి చూడమని అత్తమ్మ మొన్న చెప్పింది, వనపర్తి బస్సుల రెండు కిలోల నువ్వులు కూడ పంపింది. పొద్దుగాల నానబెట్టిన, చేపలు పన్నెండింటికి వస్తయంట.